నీకన్నా నాకన్నా

"నాదే ఇలుసమ్!" అంటూ ఎర్రంచు ఊలు చేతి తొడుగును కాఫీ బల్ల మీద టప్పున పెట్టింది మైము.

ఎస్తోనియన్ భాషలో ఇలుస్ అంటే అందమైనది. తోకకు 'అమ్' చేరితే అంతకన్నా అందమైనది. విల్యాండి ఊరి బళ్లో ముప్ఫై ఏళ్లు పిల్లల చేత ఆ 'అమ్' అనిపించిన భాషా పంతులమ్మ మరి!

"అందం తర్వాత వదినా, ముందు సౌష్ఠవం చూడు," అంటూ వియ్యపురాలు లైనే తన తొడుగు పక్కన పెట్టింది. ఆమె అదే బళ్లో లెక్కల పంతులమ్మ. "మధ్యకు మడిస్తే అటు సగం ఇటు సగం మీద సరిగ్గా పడాలి. నీ అల్లికలో నక్షత్రానికి ఓ కాలు పొట్టి."

"నీ నక్షత్రానికి కళే లేదు!"

పందెం కద్రి పెట్టింది. మైముకు కూతురు, లైనేకు కోడలు, నిండు చూలాలు. చెరో తొడుగు అల్లాలి. ఎవరిది బాగుంటే పాపకు వాళ్లు చెప్పిన పేరే. మైముకు వాళ్లమ్మ పేరు మీతా నిలబెట్టాలని ఆశ. అందుకే ఆ తొడుగును మూడుసార్లు విప్పి అల్లింది. లైనే వాళ్లమ్మ పేరు వీవీ.

నీదానికన్నా నాది, దానికన్నా ఇది అని వీళ్లు వాదిస్తుంటే, కనాల్సిన కద్రి మూడో ముక్క పెరుగు కేకు తింటోంది.

"అంత తింటావేమే?" అంది మైము.

"నా ఒక్కదాని కోసమా అమ్మా?" అంటూ కద్రి తొడుగులు రెండూ పొట్ట మీద పక్కపక్కన పరుచుకుంది. చూసి పకపకా నవ్వింది.

తొడుగుల బొటనవేళ్లు రెండూ ఒకే వైపు చూస్తున్నాయి.

"వదినా, నువ్వూ ఎడమదే అల్లావా?" అంది మైము.

"ఎవరైనా మొదట అల్లేది ఎడమదేగా!"

"మొదటిది నాది. నీది రెండోది!"

"నేనెందుకు రెండోదాన్నవుతాను?"

"లెక్కల పంతులమ్మవి! రెండు ఎడమలు జత ఎలా అవుతాయనుకున్నావు?"

రెండు ఎడమ తొడుగుల మధ్య ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. మైము గొంతు సన్నగా లేచింది.

"మరి... పేరో?"

కద్రి పొట్టకు అటొక చెయ్యి, ఇటొక చెయ్యి ఆనించింది.

"చెరో కుడిది కూడా అల్లెయ్యండి. మీతాకో జత, వీవీకో జత."