బొట్టు పెట్టి పిలిచిన బేరం

“కమిషనరమ్మ పదకొండింటికి వచ్చిద్దంటక్కా. ఎవరికీ చెప్పకుండా వచ్చి చూసి పోయిద్దంట. ఆమె జీపు తోలేది మా తమ్ముడు నవీదే గదా, అందుకే తెలిసింది. చూస్తే మన బజార్లో నువ్వూ నేనూ ఈగలూ తప్ప ఎవరున్నారు?” అంది గాజుల కొట్టు నజీమా, ఎదురుగా ఉన్న స్టీలు సామాన్ల కొట్టులోకి తొంగిచూసి.

“నిన్న నువ్వు చెప్పినప్పుడే నా ఏర్పాట్లు నేను చేశాలే. లోపల రెండు గుండిగల పులిహోర ఉంది. ముందొచ్చి విస్తళ్లు తుడిచిపెట్టు” అంది నాగేంద్రమ్మ, బిందె మీద దుమ్ము దులుపుతూ.

ఆ ఊళ్లో మునిసిపాలిటీ ఆఫీసు ఒకచోట లేదు, నాలుగు ముక్కలుగా ఉంది. ఇంటిపన్ను స్టేషన్ దగ్గర, కుళాయిలు బస్టాండు వెనక, జనన మరణాలు ఒక అద్దె మేడ మీద, ప్లాను కాగితాలు బైపాస్ అవతల. ఆ నాలుగింటినీ ఒక కప్పు కిందికి తెచ్చి, ఊరి నడిబొడ్డుకు మళ్లీ కళ తేవాలని ఆర్డరొచ్చింది. పాత బజార్లో ఒక ఖాళీ భవనం ఉంది, గంజివీధిలో ఒకటి ఉంది. ఏదో ఒకటి ఇవాళ తేలిపోతుంది. ఆఫీసు వస్తే రోజూ వందలమంది ఈ దారిన నడుస్తారు. రాకపోతే, మూడు రోజులుగా బోణీ లేని నాగేంద్రమ్మ కొట్టుకు ఈ నెలాఖరే ఆఖరు. షట్టర్ మీద ‘అద్దెకు ఇవ్వబడును’ అని రాయించడానికి ఆమె భర్త అప్పుడే పెయింటర్‌తో మాట్లాడి వచ్చాడు.

“ఏమే నజీమా, ఎవరైనా ఆఫీసు జనం ఉన్నచోట పెడతారా, లేనిచోట పెడతారా?”

“ఉన్నచోటే. ఆ జనాన్ని యాడనుంచి తెస్తావు?”

“నిన్న పొద్దుగూకిందాకా కుంకుమ భరిణె పట్టుకొని తిరిగా. కొట్లో లక్ష్మీపూజ, ఫలహారం అని మా పుట్టింటి వాళ్లందర్నీ పిలిచా. బొట్టు పెట్టి పిలిస్తే మా వాళ్లలో రానివాళ్లు ఉండరు.”

ఆ మాట నిజమే అయింది. పదకొండు కొట్టేలోపే నడుచుకుంటూ దిగారు. ముందు తమ్ముడు బ్రహ్మయ్య, వెనక మరదలు, పిన్నమ్మలు, బాబాయిలు, వాళ్ల పిల్లలు, మొత్తం డెబ్బైమంది దాకా. నాగేంద్రమ్మ గుమ్మంలో నిలబడి పనులు పంచింది.

“ఒరేయ్ బ్రహ్మయ్యా, పులిహోర ఎక్కడికీ పోదు. ముందు ఆ గంగాళం బేరమాడు. పిన్నీ, నువ్వు క్యారేజీలు చూడు. మిగతా ఆడోళ్లంతా నజీమా కొట్లో గాజులు వేయించుకోండి.”

“పూజన్నావు గదక్కా?”

“పూజకు ముందు బజారు కళకళలాడాల.”

“ఇదెప్పటి ఆచారం?”

“ఇవాళ్టిది. నోరు మూసుకొని బేరమాడు.”

బ్రహ్మయ్య వ్యాపారస్తుడు. ఉత్తుత్తి బేరమైనా రూపాయి దగ్గర కూడా తగ్గలేదు. నాగేంద్రమ్మకు ఒళ్లు మండి నిజంగానే అరిచింది. ఆ అరుపుకు పక్క సందులోవాళ్లు కూడా వచ్చి చేరారు. జీపు లోపలికి రాలేక బజారు మొదట్లోనే ఆగిపోయింది.

కమిషనర్ సాయిసుధ దిగి, జనాన్ని తప్పుకుంటూ నడిచొచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. నాగేంద్రమ్మ కొట్టు ముందు నిలబడి మూడు గిన్నెల క్యారేజీ ఒకటి చేతిలోకి తీసుకుంది.

“ఇది ఎంతండీ?”

మూడు రోజుల తర్వాత వచ్చిన మొదటి నిజమైన బేరం అది. నాగేంద్రమ్మ నోరు తెరిచేలోపే పిన్నమ్మ ఆ క్యారేజీ లాగేసుకుంది.

“ఏందమ్మా, గంటనుంచి నేను బేరమాడుతుంటే మధ్యలో నువ్వు పట్టుకుపోతావేంది?”

కమిషనర్ నవ్వి వెనక్కి తగ్గింది. చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంది. బోణీ పోతే పోయింది, ఆఫీసు దక్కింది అనుకుంది నాగేంద్రమ్మ.

“చూశారు గదమ్మా, మా బజారు. రోజూ ఇట్టాగే, ఊపిరాడదు.”

“చూశానండీ. చాలా సంతోషం. ఇంత బేరం ఉన్నచోట మా ఆఫీసుతో మీకేం పని? పడిపోయిన బజార్ని లేపమనే కదా ఆర్డర్. ఇప్పుడే గంజివీధి చూసొచ్చాను. ఇంత పొద్దెక్కినా ఒక్క కొట్టు తలుపు తీయలేదు. పాపం, ఎంత చితికిపోయారో. ఆఫీసు అక్కడికే ఇచ్చేస్తున్నాం.”

జీపు వెళ్లిపోయింది. నాగేంద్రమ్మ బోర్లించిన గంగాళం మీద కూలబడింది.

“గంజివీధోళ్లకు ఏమొచ్చిందక్కా? పండగా పబ్బమా, పట్టపగలు కొట్లన్నీ మూసుకొని కూర్చోడానికి?” అంది నజీమా.



లోపల్నుంచి బ్రహ్మయ్య పులిహోర చెయ్యి కడుక్కొని వచ్చి, అక్క కాళ్లకు వంగి దణ్ణం పెట్టాడు. “నువ్వు చల్లగా ఉండాలక్కా. నిన్న మా గంజివీధంతా తిరిగి, కొట్లు కట్టేసి రమ్మని ఇంటింటికీ నువ్వు బొట్టు పెట్టబట్టే గదా, ఆఫీసు మాకొచ్చింది.”