పోయిన అంకె

"తప్పు మాస్టారూ, మెషీన్ ఒప్పుకోవట్లేదు" అంది మందుల షాపు అమ్మాయి యాస్నా. "ఇంకోసారి చెప్పండి."

హెరిబెర్తో మాస్టారు తడి గొడుగు చంకలో ఇరికించుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఒకటి, అయిదు, ఆరు... ఆ తర్వాత... మూడు, ఎనిమిది, రెండు, ఏడు."

"ఎనిమిది అంకెలుండాలి. ఏడే చెప్పారు."

కొన్నది ఒక్క పిల్లల సబ్బు. చిలీలోని ఈ వాల్దీవియా ఊళ్ళో ఏ షాపుకెళ్ళి ఏం కొన్నా, పుట్టగానే ప్రతి మనిషికీ ప్రభుత్వం ఇచ్చే రుట్ నంబరు అడుగుతారు. నిద్రలో లేపి అడిగినా జనం తడుముకోకుండా చెప్పేస్తారు. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి ఇలా తడబడటం వరుసలో వాళ్ళకి వింతగా ఉంది.

"పోనీ మీ నంబరు చెప్పెయ్యండి."

"వద్దమ్మా. రసీదు మా అమ్మాయి పేరు మీదే రావాలి. ఇవాళ దాని పుట్టినరోజు."

"అయితే ఆవిడకే ఫోను చేసి అడగండి."

"దానికి తెలియదు."

వెనక నిలబడ్డ ఉబెర్లిందా పకపకా నవ్వింది. "తన రుట్ తనకి తెలియని మనిషి ఈ దేశంలో ఉందా? గారాబం మరీ ఎక్కువ చేసినట్టున్నారు పెద్దాయనా!"

"చేశాం" అన్నాడాయన. నంబరున్న కాగితం భార్య దాచింది. ఆమె పోయాక ఇల్లంతా వెతికినా దొరకలేదు. ఇక అది మిగిలింది తన బుర్రలోనే. అక్కణ్ణుంచి కూడా చెరిగిపోతోందని ఆయనకి భయం పట్టుకుంది.

"కాస్త పక్కకి జరగండి తాతయ్యా, వెనక జనం ఉన్నారు" అన్నారెవరో.

"ఉండండి బాబూ..." అంటూ ఆగి, "అది తొమ్మిదితో పోతుంది!" అని అరిచాడు.

"ఏం పోతుంది?" అంది యాస్నా.

"శేషం లేకుండా భాగం పోతుంది! నంబరిచ్చిన రోజే ఆసుపత్రి బల్ల మీద కూర్చుని చేసి చూశాను. కోటీ యాభై ఆరు లక్షల చిల్లర! వాళ్ళమ్మకి చెబితే మంచం మీంచే తిట్టింది, పసిగుడ్డునైనా వదలవా నీ లెక్కల్లోంచి అని."

"అయితే ఇప్పుడేంటి?"

"తొమ్మిదితో పోయే సంఖ్యలో అంకెలన్నీ కూడితే ఆ మొత్తం కూడా తొమ్మిదితో పోవాలమ్మా." వేళ్ళు మడుస్తూ కూడాడు. "గుర్తున్నవి ముప్ఫై రెండు. ముప్ఫై ఆరు కావాలంటే పోయింది నాలుగు. ఆరు తర్వాత నాలుగు!"

యాస్నా నంబరు కొట్టింది. ఈసారి మెషీన్ కిక్కురుమనలేదు.

"రాయెన్ ఓయర్సున్" అని తెర మీద పేరు చదివింది. "నలభై నిండాయే! పుట్టినరోజు తగ్గింపు కూడా వచ్చింది మాస్టారూ."

"పేరు మళ్ళీ చదవమ్మా."

ఆ పిల్ల చదివింది. మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. అది చూసి ఉబెర్లిందా మెత్తబడింది.

"దొరికిందిగా, ఊరుకోండి. అమ్మాయి దగ్గర్లోనే ఉంటుందా?"

"కొండ మీద. నడిస్తే ఇరవై నిమిషాలు."

"సబ్బు మనవరాలికా?"

"కాదు, అమ్మాయికే."

"నలభయ్యేళ్ళావిడకి పిల్లల సబ్బా!" అని వరుసంతా నవ్వింది.

ఆయన కూడా నవ్వబోయాడు గానీ చాతకాలేదు. పేరున్న రసీదు మడిచి లోపలి జేబులో పెట్టుకుని వానలోకి నడిచాడు.

రాయెన్ బతికింది పదకొండు రోజులే.