ఎముక చివర సన్నటి గీత

“చెయ్యి ఈ పలక మీద పెట్టమ్మా. వేళ్ళు బాగా చాపు.”

ఎక్స్‌రే టెక్నీషియన్ మాట పూర్తయ్యేలోగా ఆ పిల్ల చెయ్యి పెట్టేసింది.

“సార్, గట్టిగా నొక్కితే ఎముక కాస్త ముదురుగా కనిపిస్తుందా?”

టెక్నీషియన్ నవ్వాపుకోలేకపోయాడు. ఎముకల డాక్టరు మాత్రం నవ్వలేదు.

వయసు తేల్చమని పోలీసులు పంపేవాళ్ళను ఆయన చాలామందినే చూశాడు. పుట్టిన తేదీకి కాగితం లేనివాళ్ళకు ఎముకలే సాక్ష్యం. ఎదిగే వయసులో ఎముక చివర లేత భాగం ఒకటి ఉంటుంది. ఫిల్ములో అది గీతలా కనబడుతుంది. ఎదుగుదల ఆగితే గీత మూసుకుపోతుంది.

“నీకు వయసెంత?”

“పద్దెనిమిది నిండాయి సార్.”

“ఎవరు చెప్పారు?”

“అమ్మ చెప్పిన లెక్క.”

“ఏదీ, మీ అమ్మను రమ్మను.”

“లేదు సార్. పోయింది.”

డాక్టరు ఆమెను ఎత్తు కొలిచే బద్ద దగ్గరికి పిలిచాడు.

“సరే, నిటారుగా నిలబడు. ఆ నడుమేంటి, అలా ఒరిగిపోయింది?”

ఆ పిల్ల సర్దుకుంది. మరుక్షణమే నడుము మళ్ళీ ఎడమవైపుకు ఒరిగింది.

“ఆడవాళ్ళు వయసు తగ్గించి చెప్తారంటారు. మన దగ్గరికొచ్చేవాళ్ళంతా పెంచే చెప్తారేంటి సార్?” అన్నాడు టెక్నీషియన్.

“పెళ్ళి తొందర,” అన్నాడు డాక్టరు.

“సార్, నేనెందుకొచ్చానంటే...”

“చెప్పకు!” తలుపు దగ్గరున్న మహిళా కానిస్టేబుల్ గబుక్కున అడ్డుపడింది. “సంగతేంటో డాక్టరు గారు వినకూడదు. వింటే ఆయన మాట చెల్లదు.”

“నాకు కథలొద్దమ్మా. నీ ఎముకలు చెప్తాయిలే,” అన్నాడు డాక్టరు.

ఆ పిల్ల చూపు తలుపు మీదే ఉంది. బయట ఎవడో కాచుకుని ఉన్నాడని డాక్టరుకు రూఢి అయిపోయింది.

ఫిల్ములు వచ్చాయి.

మోచేతి దగ్గర ఎముకలు ఎప్పుడో అతుక్కుపోయాయి. చిక్కంతా మణికట్టు దగ్గరే. ముంజేతి ఎముక చివర వెంట్రుకంత గీత. ఉందంటే ఉంది, లేదంటే లేదు.

నిండాయని రాసినా ఆయన్ని తప్పుపట్టేవాళ్ళు లేరు. నిండలేదని రాసినా అంతే.

డాక్టరు పెన్ను తీశాడు. వయసు తేలిందని ఇదే గదిలోంచి సంబరంగా వెళ్ళిన పిల్లలు కొందరు ఏడాది తిరక్కుండానే విరిగిన చేతులతో వచ్చారు. ఎలా విరిగిందని అడిగితే జారిపడ్డామన్నారు. ఇంట్లో తన కూతురిదీ ఇంచుమించు ఇదే ఈడు. అది ఇంకా పుస్తకం మొహం మీద కప్పుకుని నిద్రపోతుంది.

తల్లి లేని పిల్ల. నేనైనా ఆపాలి, అనుకున్నాడు.

‘పద్దెనిమిది నిండలేదు’ అని రాసి సంతకం చేశాడు.

“ఏం రాశారు సార్?”

“ఇంకా టైముందమ్మా. బుద్ధిగా చదువుకో.”

ఆ పిల్ల ఏడవలేదు. మణికట్టును తిప్పి తిప్పి చూసుకుంది, నమ్మినవాళ్ళే మోసం చేసినట్టు.

“మా అమ్మ అబద్ధం చెప్పదు సార్,” అంది. నమస్కారం పెట్టి బయటికి నడిచింది.

డాక్టరు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

“అయిపోయిందిగా, ఇప్పుడు చెప్పు. బయటున్నవాడు ఎలాంటివాడు?”

“ఎవడు సార్?” రిపోర్టు మడతపెడుతున్న కానిస్టేబుల్ తలెత్తింది.

“అదే, ఈ పిల్లను చేసుకుంటానన్నవాడు.”

“రామ రామ! పెళ్ళేంటి సార్! కింద ఉన్నది వాళ్ళ తమ్ముడు. ఇంత ఉంటాడు.” చేత్తో మోకాలి ఎత్తు చూపించింది. “ఎప్పుడూ ఈ పిల్ల చంకలోనే. వాడి కాన్పులోనే తల్లి పోయింది. మొన్న తండ్రీ పోయాడు. నిండితే వాణ్ణి ఈ పిల్లకే అప్పగిస్తామన్నారు అధికారులు. నిండలేదు కాబట్టి వాడు పసిపిల్లల హోముకి, ఈమె ఆడపిల్లల హోముకి. వేరే వేరే ఊళ్ళు. వాణ్ణి తీసుకెళ్ళే వ్యాను కింద సిద్ధంగా ఉంది.”

డాక్టరు కుర్చీలోంచి లేచాడు.

“ఆ కాగితం ఇలా ఇవ్వు. గీత ఇంకోసారి చూస్తాను.”

కానిస్టేబుల్ ఇవ్వలేదు.

“సంగతి విన్నారుగా సార్. ఇక మీరు చూడకూడదు.”

డాక్టరు మెట్లు దిగి పరుగెత్తాడు.

గేటు దగ్గర వ్యాను ఆగి ఉంది. లోపల కూర్చున్న హోము ఆయాకు ఆ పిల్ల గబగబా చెబుతోంది.

“పాలు చల్లారితే తాగడమ్మా. చెవిలో వేలు పెట్టుకున్నాడంటే నిద్రొస్తోందని అర్థం. చీకటంటే భయం, దీపం ఆర్పకండి.”

“సరేలేమ్మా, మేం చూసుకుంటాం,” అంది ఆయా.

తలుపు పడింది.

వ్యాను కదులుతుంటే ఆ తమ్ముడు అద్దం మీద రెండు చేతులతో బాదుతూ అక్కను పిలిచాడు, “అమ్మా!” అని.