మావయ్యగారి పెన్‌డ్రైవ్

ఇల్లంతా నిద్రపోయింది. కోడలి ల్యాప్‌టాప్ మొరాయించింది; టైపు చేసినదంతా అందులోనే ఉండిపోయింది. తెల్లారేసరికి టైపింగ్ పని అప్పజెప్పకపోతే ఆ కాస్త ఉపాధీ పోతుంది. ల్యాప్‌టాప్‌ను బాగుచేయడానికి, చనిపోయిన మావయ్యగారి పెన్‌డ్రైవ్‌నే బూటబుల్‌గా, అంటే మొరాయించిన కంప్యూటర్‌ను మళ్లీ లేపేలా, మార్చుదామని ఇంటి కంప్యూటర్ ముందు కూర్చుంది.

"ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. సరేనా?" అని తెర అడిగింది.

ఆమె ముట్టుకోకముందే మౌస్ బాణం మెల్లగా "వద్దు" మీదికి జరిగింది. ఆమె మౌస్ వైరు పీకేసింది. అయినా బాణం అక్కడే వణుకుతోంది.

"దేవుడి దగ్గరికి వెళ్లాక కూడా ఈ పెత్తనమేంటి మావయ్యగారూ? బతికుండగా మీ మాట జవదాటలేదు. ఇవాళ మాత్రం కుదరదు," అంటూ కీబోర్డుతో "సరే" నొక్కింది.

పెన్‌డ్రైవ్ దీపం మిణుకుమంది. వెనకాల ఖాళీ పడక్కుర్చీ కిర్రుమంది.

ఆమె తల తిప్పలేదు.

"కూర్చోండి. చాలాసేపు పడుతుంది," అంది.