గుమ్మడి కాడకు ఎర్రదారం

మా అత్తగారికి మతి గానీ పోయిందా అనుకున్నాను. పొద్దున్నే పెరట్లో నా గుమ్మడి తీగ ముందు చతికిలబడి, విచ్చిన పువ్వును పుటుక్కున తుంచేశారు.

ఈ తీగకు పురుగు పడితే మందు కొట్టింది నేను. పిందెలు పసుపుబారి రాలుతుంటే మోతాదు రెట్టింపు చేసిందీ నేనే. నెల తిరక్కుండా ఏడు కాయలు! వీధి వీధంతా వచ్చి, నోరు వెళ్లబెట్టి, మందు పేరు రాసుకుపోయింది. ఆ నెలలోనే మా ఇంటికొచ్చిన ఈవిడ చేసిందల్లా కాడలకు ఎర్రదారాలు కట్టడం. కాయలకు జడలేమిటో!

"పువ్వు తుంచేస్తే కాయ ఆకాశం నుంచి ఊడిపడుతుందా అత్తయ్యగారూ?"

"ఇది మగపువ్వు బాబూ. ఎన్నాళ్లుంచినా కాయ కాదు." రేకులు వలిచేసి, మధ్యనున్న పుప్పొడిని పక్కనే పిందెతో ఉన్న ఆడపువ్వులో మెల్లగా రుద్దారు. ఆ పిందె కాడకు దారం కట్టారు. "ఇది తేనెటీగలు చేసే పని. మీ మందు దెబ్బకి ఒక్కటీ ఇటు రావట్లేదు. అందుకే రోజూ నేనే చేస్తున్నా. ఏది రుద్దానో మర్చిపోకుండా ఈ దారం."

తీగంతా వెతికాను. ఏడు కాయలకూ దారాలున్నాయి. దారం లేని పిందెలన్నీ కింద రాలి కుళ్లుతున్నాయి.

ఆవిడ మోకాళ్లు పట్టుకుని లేచారు.

"ఆ మందు సంగతి ఎవరికైనా చెప్పారా?"

"వీధిలో అందరికీ."

"బాగుంది. ఈ మోకాళ్లతో నేనొక్కదాన్ని ఎన్నిళ్లకని తిరగను?"