మూడోసారి అనగానే

"రెండు ఇంజన్లకీ నిప్పంటుకుంది, ఎగెర్ట్ గారూ! ఇప్పుడేం చేస్తారు?" వీబ్కె చెక్‌లిస్టు మీద పెన్సిల్ ఆనించింది.

ఎవరి సీటు హ్యాండిల్ వాళ్లే లాగి బయటపడాల్సిన పాతకాలపు రెండు సీట్ల యుద్ధవిమానం అది. దాని సిమ్యులేటర్‌ని ఆవుల కొట్టంలో సొంతంగా కట్టుకుంది వీబ్కె. తప్పులుంటే చెప్పమని, ఆ విమానాన్ని పద్దెనిమిదేళ్లు నడిపిన పెద్దాయన్ని పిలుచుకొచ్చింది. ఆయన ఇంతవరకూ ఒక్క స్విచ్చు కోసమూ తడుముకోలేదు.

"దూకెయ్! దూకెయ్! దూకెయ్!" అన్నాడు ఎగెర్ట్, వెనక సీటువాడికి చెప్పినట్టు.

"మూడోసారి అనగానే లాగెయ్యాలని రాసుందండీ. లాగండి!"

ఆయన చెయ్యి హ్యాండిల్ మీదే ఉండిపోయింది. తెర నిండా నేల పరుచుకుని, ఆనక నల్లబడింది.

"పోయారు పొండి!" నవ్వేసింది వీబ్కె. "లాగలేదేం?"

"వెనక నుంచి జవాబు రాలేదమ్మాయ్."

"చోటు చాలక నేను వెనక సీటే కట్టలేదు కదండీ!"

"తెలుసు." ఎగెర్ట్ పక్కన పెట్టుకున్న టీ కప్పు అడుగున కరగని పటికబెల్లం వైపు చూశాడు.

"మరి ఇక్కడేం దిద్దమంటారు?"

"ఏమీ దిద్దకు. సరిగ్గానే రాశావు," అన్నాడాయన, రేపు వాన పడుతుందని చెప్పినంత మామూలుగా. "నిజంగా నిప్పంటుకున్న రోజు నేను అచ్చం అలాగే, మూడోసారి అనగానే లాగేశాను. పారాచూట్‌తో నేనొక్కణ్ణే దిగాను."