అచ్చం నాన్న పోలిక

“తగ్గింది!” అంది డాక్టరమ్మ, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే.

బేకరీ మాస్టరు కుర్చీలోంచి సగం లేచాడు. “ఎంతండీ?”

“చెడ్డ కొలెస్ట్రాల్ పదో వంతుకు పైనే దిగింది. శభాష్ అమ్మాయ్!”

కూతురి కంటే ముందు అతని ఛాతీ ఉబ్బింది. పదమూడేళ్ల పిల్ల, రివటలా ఉంటుంది. పరుగు పందెంలో స్కూలంతా దాని వెనకే. అలాంటిదానికి కొలెస్ట్రాల్ ఏమిటని మొదట్లో రక్తపరీక్ష చేసినవాళ్లతో పోట్లాటకు దిగాడతను. తిండి ఒక్కటే కారణం కాదు, పుట్టుకతోనే వస్తుందని డాక్టరమ్మ విడమరిచి చెప్తే గానీ నమ్మలేదు.

ఆ రోజే ఇంట్లో వెన్న బంద్ అయింది. పొద్దస్తమానం వెన్నలో చేతులు ముంచి బతికే మనిషి, ఇంటికొచ్చి రొట్టె మీద మొక్కల స్టెరాల్స్ కలిపిన స్ప్రెడ్ రాసివ్వడం నేర్చుకున్నాడు. “తిన్న కొలెస్ట్రాల్ ఒంటికి పట్టకుండా ఇది పేగుల్లో అడ్డుపడుతుంది నాన్నా. అలాగని దట్టంగా పట్టించకు, డాక్టరుగారు చెప్పినంతే!” అని పాఠం చెప్పింది కూతురే. మొన్న స్నేహితురాలి పుట్టినరోజున పిల్లలంతా కేకు మీద పడితే, ఇది మాత్రం పళ్లముక్కలు తిని నవ్వుతూ ఇంటికొచ్చింది. ఆ కేకు చేసింది అతనే.

“మహా మొండిదండీ!” అన్నాడు మురిసిపోతూ. “పట్టు పట్టిందంటే వదలదు. అచ్చం నా పోలికే.”

“నడక కూడా మీదే. లోపలికి వస్తుంటే చూశాగా,” నవ్వింది డాక్టరమ్మ.

“చాల్లే నాన్నా, పరువు తీయకు,” అంది పిల్ల. మొహం మాత్రం వెలిగిపోయింది.

“అయితే ఇంతటితో సరిపోదు,” అంది డాక్టరమ్మ. “ఈ స్టెరాల్స్ సాయం చేస్తాయంతే, మందుకు బదులు కావు. ముందు ముందు మాత్రలు అవసరం పడొచ్చు. తిండి జాగ్రత్త, పరుగు ఇలాగే సాగాలి. ఇంకో మాట. ఇది తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. అమ్మగారి పరీక్షలో ఏమీ లేదు. అంటే...”

“అంటే నా వల్లేనన్నమాట!”

అతని మొహం చిన్నబోయింది. బంగారంలాంటి పిల్లకు ఇది అంటగట్టింది తానా? అంతలోనే తేరుకుని చొక్కా చేయి పైకి మడిచి బల్ల మీద చాపాడు.

“తీయండి రక్తం. ఉంటే ఉందిలెండి, ఇద్దరం కలిసే పథ్యం చేస్తాం. అంత చిన్నపిల్ల చేసింది, నేను చెయ్యలేనా?”

నర్సు అతని చేతికి రబ్బరు పట్టీ బిగించింది.

“ఏమండీ...” అంది పక్క కుర్చీలో కూర్చున్న భార్య. కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు.

“సూదికి నేను భయపడతాననుకున్నావా?”

కూతురు లేచొచ్చి వెనక నుంచి అతని మెడ చుట్టూ చేతులేసింది. భుజం మీద గడ్డం ఆన్చి, చెవిలో మెల్లగా అడిగింది.

“మర్చిపోయావా నాన్నా?”

“ఏంటే?”

అతను ఆ పిల్లను మొదటిసారి చూసేసరికే దానికి నాలుగేళ్లు.